కడిగిన పేగు

ఫాయిజాకు బోటీ వాసన పడదు. పడదంటే ముక్కు మూసుకుని సర్దుకుపోయే రకం కాదు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి గడప తొక్కగానే ఆ కంపు తగిలితే చాలు, కలుపుకున్న అన్నం కూడా వదిలేసి లేచిపోయేది. నరసరావుపేటలో పల్నాడు రోడ్డు నుంచి లోపలికి తిరిగిన సందులో వాళ్ళ నాన్న మౌలాలీకి మటన్ కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. ఇంటి వెనక పెరట్లో వాళ్ళమ్మ మాబున్నీసా తలకాయలు కాల్చి, కాళ్ళు గీకి, బోటీ కడుగుతుంది. ఇక వాసన ఎక్కడికి పోతుంది? పరుపుల్లో ఉంటుంది, ఉతికి ఆరేసిన బట్టల్లో ఉంటుంది, పండగనాడు పూసుకున్న అత్తరు కింద నుంచి కూడా మెల్లగా పైకి లేస్తుంది. ఛీ, ఇదేం ఇల్లురా దేవుడా అని ఆ పిల్ల ఎన్నిసార్లు అనుకుందో!

ఆ కంపు నుంచి పారిపోవడానికే చదివింది. అందరూ పెళ్ళిళ్ళు చేసుకుని పోతుంటే ఈమె మాత్రం పుస్తకం వదల్లేదు. బయోకెమిస్ట్రీలో పీజీ చేసింది, ఊరి బయట కాలేజీలో పీహెచ్‌డీలో చేరింది. తెల్ల కోటు, గాజు గొట్టాలు, ఏసీ గది. అక్కడ ఎవరైనా మీ నాన్నేం చేస్తారని అడిగితే "వ్యాపారం" అని చెప్పి మాట మార్చేసేది. ఏం వ్యాపారమని ఎవరూ గుచ్చి అడగలేదు, ఆమె బతికిపోయింది.

కానీ గైడు విజయలక్ష్మి మేడం కారు డ్రైవరు ప్రతి ఆదివారం మౌలాలీ కొట్టుకే వస్తాడు. ఆ సంగతి ఈ పిచ్చిపిల్లకేం తెలుసు? చేరిన కొత్తలోనే, నలుగురు స్కాలర్లు కూర్చుని ఉండగా, మేడం నవ్వుతూ అంది.

"ఫాయిజా, నీకు మంచి టాపిక్ చూశానమ్మా. పొట్టేలు ఒంట్లో ఏయే చోట్ల ఫాస్ఫోలైపేజ్ తయారై బయటికొస్తుందో తేల్చాలి. వేరేవాళ్ళకైతే శాంపిల్స్ దొరకడం కష్టం. నీకు ముక్కలు ఊరికే వస్తాయి కదా, మీదే మటన్ కొట్టంట!"

నలుగురూ ఆమె వైపు తిరిగారు. ఫాయిజాకు చెవులు కాలిపోయాయి. పారిపోయి పారిపోయి వచ్చి పడింది మళ్ళీ ఆ పెరట్లోనేనా, ఖర్మ కాకపోతే!

ఈ ఫాస్ఫోలైపేజ్ అనేది ఒక ఎంజైమ్. కణాల చుట్టూ ఉండే సన్నని కొవ్వు పొరను కత్తిరించడం దాని పని. అందులో ఒక రకాన్ని కణాలు తమలో దాచుకోకుండా బయటికి వదిలేస్తాయి. పాము విషంలో ఉండేది దీని చుట్టమే. క్లోమం వదిలే రసంలో ఉంటుంది, కన్నీళ్ళలో ఉంటుంది, చిన్నపేగు లోపలి పొరలో ఉంటుంది. తిండితో పాటు కడుపులోకి దూరే సూక్ష్మజీవుల తోలు ఊడదీసేది అదే. ఎలుకల్లో, మనుషుల్లో ఇది ఎక్కడెక్కడ ఉందో చాలామంది చూశారు. మన పల్నాడు పొట్టేలును మాత్రం అడిగినవాడు లేడని మేడం అంది. ఫాయిజా అడగాల్సింది పొట్టేలునే. ముఖ్యంగా దాని చిన్నపేగును. థీసిస్‌కు గుండెకాయ ఆ పేగే.

ఇంట్లో చెబితే మౌలాలీ పొంగిపోయాడు. "నా కూతురు డాక్టరయ్యేదానికి నా కొట్టే పనికొచ్చిందంటే చాలదా?" అని వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పాడు. ఫాయిజా మాత్రం ఒక్క షరతు పెట్టింది. తను పెరట్లో అడుగుపెట్టదు. క్లోమం, తిల్లి అనే ప్లీహం, తెల్లకారిజమనే ఊపిరితిత్తులు, కంటి పక్కన కన్నీళ్ళు ఊరే గ్రంథి, చిన్నపేగు చివరి భాగం, అన్నీ కోసి ఐసు డబ్బాలో పెట్టి వీధి గుమ్మం దగ్గర ఇస్తే పట్టుకుపోతుంది. ఏది ఎక్కడుంటుందో ఫోన్లో బొమ్మలు చూపించింది, అంతే.

"నువ్వు రాబళ్ళేదులేవే. నేను జూసుకుంటాగా," అంది మాబున్నీసా.

డబ్బా కాలేజీకి వెళ్ళాక మూత తీసినప్పుడు ఫాయిజా ముందు ముక్కుకు మాస్కు బిగించేది. అయినా లోపలున్నది చూస్తే వాంతి వచ్చినంత పనయ్యేది. గ్రంథితో పాటే వచ్చిన పొట్టేలు కన్ను ఆమె వైపే చూస్తున్నట్టుండేది. దాని పక్కన గ్రంథి గులాబీ రంగులో మెత్తగా, వేలికి జారిపోతూ. క్లోమం నుజ్జు నుజ్జుగా. ఒక్క పేగు మాత్రం తెల్లగా, శుభ్రంగా, కంపు లేకుండా ఉండేది. పోనీలే, ఇదొక్కటైనా మర్యాదగా వచ్చిందని ఆమె లోలోపల సంతోషించేది కూడా. అన్నిటినీ చల్లటి ఉప్పునీళ్ళలో నూరి, వడగట్టి, ఒక మందు కలిపితే, ఎంజైమ్ ఉన్నచోట పసుపు రంగు తిరుగుతుంది. క్లోమం చిక్కటి పసుపు. కంటి గ్రంథి పసుపు. తిల్లి లేతగా. పేగు గొట్టంలో మాత్రం మంచినీళ్ళు. రంగు లేదు, ఏమీ లేదు, సున్నా.

"మీవాళ్ళు పాచి బోటీ పెట్టుంటారమ్మా," అంది మేడం, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ల్యాబు గుమ్మం బయటే నిలబడి. ముక్కలు నూరే రోజు ఆవిడ ఎప్పుడూ లోపలికి రాదు. "మిగిలిపోయినవి నీకు అంటగట్టారేమో కనుక్కో."

ఆ మాట ఫాయిజాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అమ్మ మీద పడింది. పాచి బోటీ ఇచ్చావంట, నా పరువు తీశావు, నీకు చేతకాకపోతే చెప్పు అంది. మాబున్నీసా కొంగు దోపుకుని లేచింది.

"పాచిదా? నా చేత్తో పాచిది పెట్టానా నేను? ఆమె నోట్లో మన్నుబడ, ఎవురే ఆమె?"

మళ్ళీ పంపింది. మళ్ళీ సున్నా. ఈసారి పేగు ఇంకా తెల్లగా ఉంది.

గురువారం సెమినారు. అది గట్టెక్కితేనే థీసిస్ ఇవ్వనిస్తారు. బయట యూనివర్సిటీ నుంచి కాలేబు అనే పెద్ద ప్రొఫెసరు వస్తున్నాడు. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. పేగు తేలకపోతే ఇన్నేళ్ళ చదువూ గోవిందా. ఫాయిజా మేడం గదిలో నిలబడి ఇంకొక్క అవకాశం కావాలంది.

"ఇంకెందుకమ్మా?" మేడం కంప్యూటరు లోంచి తల ఎత్తలేదు. "ఎలుకల మీద ఎవరో చేసిన అంకెలున్నాయి. అటూ ఇటూ కాస్త మార్చి పట్టికలో పెట్టేసెయ్. పొట్టేలు పేగులో ఎంతుంటే ఎవరికి కావాలి, ఎవరొచ్చి చూస్తారు? నేనే పెట్టేశాలే, స్లైడు ఒకసారి చూసుకో."

ఆ గదిలో ఏ కంపూ లేదు. ఏసీ ఉంది, బల్ల మీద మల్లెల సెంటు ఉంది, అద్దంలా తుడిచిన గచ్చు ఉంది. అయినా ఫాయిజాకు పేడలో చెయ్యి పెట్టినట్టే అనిపించింది. స్లైడు చూసింది. తను చెయ్యని పనికి, తను చూడని పేగుకు, తన పేరు కింద అంకెలు వరసగా కూర్చుని ఉన్నాయి. కాదు అనే ధైర్యం రాలేదు. తల ఊపి బయటపడింది. దారి పొడుగునా తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా పెరటి తలుపు తీసింది. ఈసారి పొట్టేలు కడుపులోంచి వచ్చిన పేగును వచ్చినట్టే తన కళ్ళతో చూసి, చేత్తో పట్టుకుపోవాలి. ఆ పెరట్లో కాలు పెట్టి ఎన్నేళ్ళయిందో! అబ్బబ్బ, ఆ కంపు ఒక్కసారిగా గొంతులోకి దిగింది. పొయ్యి మీద నీళ్ళు మసులుతున్నాయి. కాలిన వెంట్రుకల పొగ. కాలవలో ఆకుపచ్చ పేడనీళ్ళు, వాటి మీద ఈగలు, పక్కన నాలుక చాపిన కుక్క. మధ్యలో పీట మీద మాబున్నీసా. ఆమె చేతిలో పేగు, సన్నపుల్లకెక్కించి లోపలిది బయటికి తిరగేసి ఉంది. దానికి పిడుగురాళ్ళ సున్నం రుద్ది, కత్తి వెనక వైపుతో గీకుతోంది. గీకినప్పుడల్లా బూడిదరంగు జిగురు ముద్దలుగా ఊడి కాలవలో పడుతోంది. ఐసు డబ్బా పక్కనే మూత తీసి ఉంది.

ఫాయిజా ఆ జిగురు వైపే చూస్తూ నిలబడిపోయింది.

"అమ్మీ, ఏం చేస్తన్నావ్?"

"కళ్ళు కనబడట్లా? నీ డబ్బాకి కడుగుతన్నా. అవతలుండు, మీద చిందుద్ది."

"ప్రతిసారీ ఇట్టాగే కడిగి పంపుతున్నావా?"

"కడక్కుండా ఎట్టా పంపుతారే? గిరాకీలకి ఏదో వేడినీళ్ళలో జాడించి ఇస్తా. నీ దానికి మాత్రం సున్నం బెట్టి, గీకి, ఉప్పేసి మళ్ళీ కడుగుతా. పాచిదన్నారని చెప్పినకాడ్నించి ఇంకా గట్టిగా గీకుతన్నా. చేతులు జూడు ఎట్టా ఒరిసిపోయినయ్యో!"

ఫాయిజా అక్కడే తడి గచ్చు మీద కూలబడింది. ఆమెకు కావలసిన ఎంజైమ్ ఆ జిగురు పొరలోనే ఉంటుంది. ఇన్నాళ్ళూ అమ్మ దాన్ని గీకి, కాలవపాలు చేసి, ఉత్త తోలు మాత్రం డబ్బాలో పెట్టి పంపింది. తను మూత తీసి, ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయింది. ఎవరిని తిట్టాలి?

"నాశనం చేశావు కదమ్మీ," అంది ఏడుపు గొంతుతో. "నాకు కావాల్సింది అదే. ఆ గీకి పారేస్తన్నావే, ఆ జిగురు!"

మాబున్నీసా కాలవలోకి చూసింది, కూతురి మొహంలోకి చూసింది. "ఈ రొచ్చా? దీనికోసమా నువ్వు ఇంత చదువు చదివింది?"

"కడక్కుండా ఇమ్మని నేను చెప్పలేదా?"

"యాడ జెప్పావ్? బొమ్మలు జూపిచ్చి ముక్కు మూసుకుని పోయావు. పేడతో పంపితే ఆడ మూత దీసినోళ్ళు ఏమనుకుంటారు? ఈ పిల్లని కన్నది ఇట్టాంటిదా అనుకోరూ? నీ పరువేంగాను?"

ఫాయిజా లేచి చేతులు చాపింది. కడగని పేగు ఇటివ్వు, నేనే కోసుకుంటానంది. మాబున్నీసా తట్టను వీపు వెనక్కి లాక్కుంది.

"నువ్వు ముట్టబాక. నా గొంతులో పేణముండగా నిన్ను ముట్టనియ్యను. ఇన్నేళ్ళూ నిన్ను ఈ పెరట్లోకి రాకుండా జూసింది ఇందుకా? మీ నాయన పిల్లని కాళ్ళన్నా గీకనియ్యమంటే నేను ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో నీకేం తెలుసు!"

ఇది ఫాయిజాకు కొత్త. తనే ముక్కు మూసుకుని ఈ కంపును దూరం పెట్టాననుకుంది ఇన్నాళ్ళూ. దూరం పెట్టింది అమ్మట. కంపంతా తన ఒంటికి పట్టించుకుని కూతురికి అంటకుండా చూసిందట. ఫాయిజాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కేకలు విని మౌలాలీ కొట్టులోంచి వచ్చాడు. చేతిలో అప్పుడే కోసిన పొట్టేలు పేగుల ముద్ద, ఇంకా ఆవిరి పోతోంది. "ఏందే ఈ గోల? కొట్టు కాడ జనం వింటన్నారు," అన్నాడు. సంగతి విని, భార్య వైపు చూడకుండా, ఆ ముద్ద తెచ్చి కూతురి ముందు పళ్ళెంలో పెట్టాడు. "కోసుకో. దుర్గి సంత నించి తోలుకొచ్చిన జీవం, మంచిది."

ఫాయిజా చిన్నపేగు చివర వెతికి పట్టుకుంది. గ్లవ్స్ వేసుకున్నా వేడి తెలుస్తూనే ఉంది. అది వేళ్ళ మధ్య బతికున్నట్టు జారింది. కత్తెర పెట్టి నిలువునా చీల్చగానే ఆకుపచ్చ పేడ బుడబుడమంటూ పొంగి మణికట్టు మీదికి కారింది. దాంతో పాటు నవారులాంటి తెల్లటి పురుగు ఒకటి మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది. అంతే, ఆమె పక్కకు తిరిగి పొద్దున తాగిన టీ అంతా కక్కేసింది. మళ్ళీ కక్కింది. మాబున్నీసా తిట్టుకుంటూనే వచ్చి కూతురి నుదురు పట్టుకుంది.

"వద్దంటే వినవు గదా, మొండిదానా."

నోరు కడుక్కుని ఫాయిజా మళ్ళీ పళ్ళెం ముందుకు జరిగింది. ఆ పేగును అడ్డంగా రెండు ముక్కలు చేసింది. ఒక ముక్కను పేడ మటుకు చల్లటి ఉప్పునీళ్ళతో పైపైన పోనిచ్చి, జిగురు చెదరకుండా డబ్బాలో పెట్టింది. రెండో ముక్క అమ్మకిచ్చింది.

"దీన్ని నువ్వు ఎప్పుడూ కడిగినట్టే కడుగు. ఏమీ తగ్గించబాకు. సున్నం పెట్టు, గీకు."

"పోయిన మతి తిరిగొచ్చింది," అంది మాబున్నీసా, ఏమీ అర్థం కాకపోయినా. గీకడం మొదలుపెట్టింది.

ఆ రోజు కాలేజీలో ఎవరూ లేరు. ఫాయిజా రెండు ముక్కల్నీ పక్కపక్కనే నూరింది. కంపు మాస్కులోంచి దూరి నాలుక మీద కూర్చుంది. మందు కలిపి నిలబడింది. కడగని ముక్క గొట్టంలో పసుపు తిరిగింది, చూస్తుండగానే చిక్కబడింది. కడిగిన ముక్క గొట్టంలో మంచినీళ్ళు. ఒకే పొట్టేలు, ఒకే పేగు. ఆమె ఆ ఖాళీ గదిలో గట్టిగా నవ్వేసింది.

సోమవారం మేడం ఆ పసుపు రంగు ఫోటోలు చూసి మెచ్చుకుంది. "నేను చెప్పలా ఉంటుందని? ఇక ఆ పాత సున్నాలు తీసెయ్. కడగడం గిడగడం గొడవ థీసిస్‌లో రాయకు. మీ అమ్మ బోటీ కడిగిందని రాస్తే నవ్వుతారు, కాలేజీకి కూడా పరువు తక్కువ." ఫాయిజా ఎలుకల అంకెలున్న స్లైడు మాత్రం తీసేసింది. సున్నాల సంగతి ఏం చెయ్యాలో ఆమెకు సెమినారు దాకా తేలలేదు. తీసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఉంచితే ఎందుకొచ్చాయో చెప్పాలి, అంటే వ్యాపారం అని దాచుకున్నదంతా నలుగురిలో విప్పాలి. చివరికి తీసెయ్యడానికి చెయ్యి రాక వదిలేసింది.

గురువారం సరిగ్గా అక్కడే కాలేబు గారి వేలు ఆగింది.

"పేగుకు వరసగా సున్నా వచ్చి, చివరిసారి ఇంత ఎలా వచ్చిందమ్మా?"

ఫాయిజా నోరు తెరిచేలోపే మేడం అందుకుంది. "సప్లయర్ అజాగ్రత్త సార్. మురికి మనుషులు, పాచి ముక్కలు ఇచ్చారు. మార్చేశాం."

ఫాయిజాకు ఒళ్ళు మండిపోయింది. సున్నంతో ఒరిసిపోయిన అమ్మ చేతులు కళ్ళముందుకొచ్చాయి. మురికి మనుషులా? ఎవరు మురికి? చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దొంగ అంకెలు రాసినావిడా ఈ మాట అనేది?

"సప్లయర్ మా అమ్మ సార్," అంది. "మాది మటన్ కొట్టు. మా అమ్మ మాబున్నీసా బోటీ కడుగుతుంది, అదే ఆమె పని. కాలేజీకి పోయే పేగు మురికిగా ఉండకూడదని సున్నం పెట్టి లోపలి పొరంతా గీకేసింది. నేను అసహ్యపడి ఒక్కసారి కూడా పెరట్లోకి వెళ్ళి చూడలేదు, తప్పు నాది. పాచిది కాదు సార్. ఒకే పేగును సగం కడిగించి, సగం కడక్కుండా చేశాను. ఇదిగో రెండూ."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకమ్మాయి చున్నీ ముక్కుకు పెట్టుకుంది, వాసన అక్కడ లేకపోయినా. మేడం మొహం గోడ వైపు తిప్పుకుంది. కాలేబు గారు కళ్ళజోడు సవరించుకుని స్లైడు మీది రెండు గొట్టాలనూ పోల్చి చూశారు.

"అంటే ఇదంతా లోపలి పొరలోనే ఉందని, దాని కింది కండలో లేనే లేదని మీ అమ్మగారు గీకి చూపించారన్నమాట. తియ్యకమ్మా, ఆ సున్నాల్ని అలాగే ఉంచు. ఎలా కడిగారో కూడా రాయి. ఇంకో నాలుగు జీవాల మీద చేసి థీసిస్ ఇచ్చెయ్."

సాయంత్రం ఫాయిజా తిన్నగా పెరట్లోకి వెళ్ళింది. కంపు ఏమీ తగ్గలేదు. అమ్మ పక్కన పీట లాక్కుని కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. మాబున్నీసా చేతిలో పేగు ఆగిపోయింది.

"నా పేరెందుకు జెప్పావే ఆడ? బోటీ కడిగేదాని కూతురని నవ్వలా?"

"నవ్వారు."

మాబున్నీసా తల దించుకుని కాసేపు గీకింది. గీకి గీకి, ఉండబట్టలేక అడిగింది.

"మరి నేను గడిగిన దాంట్లో ఏమన్నా మిగిలిందన్నాడా ఆ పెద్దసారు?"

"ఏం మిగల్లేదమ్మీ. మిషన్లో పెట్టి చూశాం. సున్నా."

"సున్నా అంటే?"

"రవ్వంత కూడా లేదు. అంత బాగా కడిగావు."

మాబున్నీసా చేతిలోది తట్టలో పడేసింది. సున్నం చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచి కొట్టు వైపు తిరిగి, గిరాకీలందరికీ వినబడేలా అరిచింది.

"ఏమయ్యో, ఇన్నావా! మిషన్లో బెట్టి జూశారంట, నేను గడిగిన బోటీలో రొచ్చు రవ్వంత కూడా లేదంట! రాసుకున్నారంట కాలేజీలో!"